కాటుకమ్మ తేనెకొట్టు

అనగనగా తూరుపు కొండల్లో ఒక అడవి. ఆ అడవిలో ఎలుగుబంట్లు నడిపే ఒక తేనెకొట్టు. జింకపిల్లకు దగ్గు పట్టినా, ఏనుగు కాలికి పుండు పడినా అందరూ పరుగెత్తేది అక్కడికే. "మా తేనె ముందు ఏడు కొండల తేనె దిగదుడుపే" అని ఎలుగుబంట్లు రొమ్ము విరుచుకుని చెప్పుకునేవి. ఆ మాటలో అబద్ధం లేదు పిల్లలూ!

ఆ ఏడు కొట్టుకు కాటుకమ్మ అనే ఆడ ఎలుగు పెద్ద అయింది. అందరికంటే వయసులో చిన్నదే, కానీ మహా చురుకైనది. వస్తూనే కొండచరియ కిందికి వెళ్లి, తల పైకెత్తి తేనెపట్లు లెక్కపెట్టింది. ముందటేడు నలభై ఉండేవి. నిరుడు పాతిక. ఇప్పుడు పదకొండే!

కాటుకమ్మ గుండె గుభేలుమంది. పక్కన పువ్వు మీద వాలిన ముసలి తేనెటీగను అడిగింది.

"ఈగమ్మా, మీవాళ్లంతా ఎటు పోతున్నారు?"

"ఏటి అవతలికి" అంది ఈగ. "పట్టులో పై మూలన ఉబ్బెత్తుగా ఉండేదే తేనె. కింద ఉండేది మా పిల్లలు. మీరు పట్టంతా పీకి, పిల్లలతో సహా రాతిదోనెలో వేసి తొక్కుతారు. అలాంటి చోట ఏ తల్లి మళ్లీ ఇల్లు కడుతుంది చెప్పు?"

"మూల ఒక్కటే కోసుకుంటే?"

"ఇరవై రోజుల్లో మళ్లీ నింపేస్తాం. పువ్వులున్నన్నాళ్లూ మాకదే పని కదా!"

కాటుకమ్మ ఆనందంగా కొట్టుకు పరుగెత్తింది. ఎలుగులన్నిటినీ పిలిచి, బండ ఎక్కి చెప్పింది. "రేపటి నుంచి పట్టు పీకొద్దు. తేనె ఉన్న మూల మాత్రమే కోయండి. ఇది నా ఆజ్ఞ!"

"అలాగే, అలాగే" అని ఎలుగులన్నీ తలలూపాయి. తెల్లారి చరియ మీదికి వెళ్లి, ఎప్పటిలాగే పట్టు మొత్తం పీకి తెచ్చాయి.

ఆజ్ఞ పనిచేయలేదని కాటుకమ్మ ఆశ పెట్టింది. "మూల మాత్రమే తెచ్చినవారికి ఒక పనసపండు!" అంది.

మర్నాడు ఎలుగులన్నీ మూలలే తెచ్చాయి. పనసపండ్లు తీసుకున్నాయి. కాటుకమ్మ పొంగిపోయి చరియ దగ్గరికి వెళ్లి చూసింది. పట్లు ఆరే మిగిలాయి! పట్టంతా పీకి, మూల విరిచి ఉంచుకుని, మిగతాది లోయలో పారేశాయి ఎలుగులు. బండల మధ్య చితికిపోయిన ఈగపిల్లలను చూసి కాటుకమ్మకు కళ్లనీళ్లు ఆగలేదు.

అప్పుడు చిటారి అనే కోతి దగ్గరికొచ్చింది. "ఇదంతా ఆ జడలయ్య పనే. వాడు పాత దారి వదలడు, మిగతావాళ్లు వాడిని వదలరు. ముసలాణ్ణి సాగనంపు. పని మా కోతులకు అప్పగించు. రేపే చేసి చూపిస్తాం" అంది.

జడలయ్య ఇరవై ఏళ్లుగా తీగ పట్టి చరియ దిగుతున్న ముసలి ఎలుగు. కాటుకమ్మకు అతని మీద కోపం లేకపోలేదు. సాగనంపితే పీడా పోతుందని కూడా అనిపించింది. కానీ ఒక్క సందేహం ఆమెను ఆపింది. 'అతను ఎందుకు చేయడం లేదో నేను ఒక్కసారైనా అడిగానా?'

నేరుగా వెళ్లి రాతిదోనె దగ్గర జడలయ్య పక్కన కూర్చుంది.

"మామా, నేను చెప్పినదాంట్లో తప్పేముందో చెప్పు. కోప్పడను."

 జడలయ్య ఆమె వైపు తిరిగాడు.

"అమ్మాయ్, నువ్వు కింద నిలబడి చెప్పావు. నేను పైన తీగకు వేలాడుతూ చేయాలి. ఒక చెయ్యి తీగ మీద, ఒక చెయ్యి పట్టు మీద. మూల లాగితే ఆ బరువుకు మిగతాది తనంతట తనే ఊడిపోతుంది. ఊడిందాన్ని ఏం చేయమంటావు? ఇంకో మాట కూడా చెప్పనా? పట్టు పీకడంలో ఈ కొండల్లో నన్ను మించినవాడు లేడు. నీ కొత్త పద్ధతిలో నేనూ, నిన్న పుట్టిన కూనా ఒక్కటే. ఈ వయసులో అందరి ముందూ నవ్వులపాలు కావాలా?"

కాటుకమ్మ తల వంచుకుంది. "ఈ సంగతి నాకు తెలియలేదు మామా. నన్నూ చరియ దింపు. ముందు నేనే నవ్వులపాలవుతాను."

అన్నట్టే దిగింది. తీగ నడుముకు కట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని దిగింది. మూల మీద చెయ్యి వేసిందో లేదో, ఈగలు ముక్కు మీద నాలుగు పోట్లు పొడిచాయి. "అమ్మో!" అని ఆమె తీగ మీద గిరగిరా తిరిగింది. పైనున్న ఎలుగులు పగలబడి నవ్వాయి. జడలయ్యా నవ్వాడు. నవ్వుతూనే ఆమెను పైకి లాగి, ముక్కుకు ఆకుపసరు పూశాడు.

"చేత్తో లాగితే ఇంతే" అన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "లాగకుండా కోస్తే? వెదురుబద్దను పదునుపెట్టి ఏటవాలుగా కోయాలి. బండకు బెత్తెడు అతుకు వదలాలి. కింద బుట్ట పట్టుకోడానికి ఇంకొకరుండాలి..."

"ఒక్క పట్టు మీద చేసి చూద్దామా మామా? కుదరకపోతే ఇంకో ఉపాయం నువ్వే చెప్పు."

పొద్దున్నే ఈగలు చలికి ముడుచుకుని ఉన్నప్పుడు ఇద్దరూ దిగారు. కాటుకమ్మ బుట్ట పట్టింది. జడలయ్య కోశాడు. మొదటిసారి బద్ద జారింది. రెండోసారి మూల సగమే తెగింది. మూడోసారి తేనెమూల బుట్టలో మెత్తగా పడింది, పట్టు బండకే నిలిచింది. ఈగపిల్లలు ఒక్కటీ రాలలేదు!

ఇరవై రోజులు ఎలుగులన్నీ రోజూ వచ్చి ఆ పట్టును చూశాయి. ఇరవై ఒకటో రోజుకు మూల మళ్లీ ఉబ్బింది. గడ్డిజల్లెడలో వడకడితే తేనె ఏటి నీరులా తేటగా దిగింది.

"నాకూ నేర్పు జడలయ్యా!" అంది ఒక ఎలుగు. "నాకు! నాకు!" అన్నాయి మిగతావి. జడలయ్య ఒక్కొక్కరినీ తీగకు కట్టి, దగ్గరుండి నేర్పాడు. చిటారిని కూడా వదల్లేదు. బుట్ట పట్టడానికి కోతులంత తేలికైనవాళ్లు దొరకరని తనే పిలిచాడు.

మరుసటి ఏడు పట్లు పందొమ్మిదయ్యాయి. మూడో ఏటికి యాభై రెండు!

ఆ వేసవిలో ఏటి అవతలి ఎలుగులు ఈ విద్య నేర్చుకోడానికి వచ్చాయి. జడలయ్య వాళ్ల ముందు తల ఎత్తుకుని నిలబడ్డాడు. "చూడండి, మా కొట్టులో పని ఇలా చేస్తాం" అని చరియ దిగాడు. పైన తీగ పట్టుకున్నది కాటుకమ్మ. కొట్టుకు పెద్ద ఎవరని ఆ రోజు ఎవరూ అడగలేదు. అయినా తీగను రెండు చేతులా బిగించి పట్టుకున్న కాటుకమ్మ రొమ్ము గర్వంతో పొంగింది.

నీతి: ఆజ్ఞకు తలలు ఊగుతాయి, ఆశకు చేతులు చాస్తారు. పని తెలిసినవాళ్లను అడిగి, వాళ్లతో కలిసి దిగితేనే మార్పు నిలుస్తుంది.