వరాలు జబ్బు పేరు

ఎవరైనా ప్రశ్న అడిగితే అక్కడికక్కడే జవాబు చెప్పే అలవాటు డాక్టర్ సులోచన గారికి లేదు. "పద, వార్డుకి పోదాం" అనేవారు. గుంటూరు వైపు ఆసుపత్రిలో ఆవిడ దగ్గర వైద్యం నేర్చుకున్న వాళ్లందరికీ ఇది అనుభవమే.

హేమసుందర్ అప్పుడే కొత్తగా చేరాడు. కండరాల పేర్లు, నరాల పేర్లు, జబ్బుల పేర్లు వల్లె వేసి వేసి విసిగిపోయి ఒకరోజు అడిగేశాడు. "మేడమ్, రోగికి ఒక్క ముక్క అర్థం కాని ఈ పేర్లన్నీ మనకెందుకండీ? తేలిక తెలుగులో చెబితే సరిపోదా?" కుర్రాడిది మంచి మనసే. పల్లెటూరి వాళ్ల ముందు నోరు తిరగని మాటలతో గొప్పలు పోయే డాక్టర్లంటే వాడికి ఒళ్లుమంట.

"సరే, ఇవాళ నువ్వే చెప్పు" అని ఆవిడ వాణ్ణి వరాలు మంచం దగ్గరికి తీసుకెళ్లారు.

వరాలు మిరపకాయల తొడిమలు తీసే కూలి. పొద్దున అందరికన్నా చురుగ్గా తీసేది. మధ్యాహ్నం దాటితే చేతులు వాలిపోయేవి, రెప్పలు బరువెక్కి కళ్లు మూసుకుపోయేవి. ఇంటికెళ్లి కాసేపు పడుకుంటే మళ్లీ మామూలే. అందుకే అదొక జబ్బని ఎవరూ నమ్మలేదు. సాయంత్రం బిందె ఎత్తాల్సి వచ్చేసరికి నాటకాలాడుతుందని అత్త అచ్చమ్మ వాడంతా చెప్పింది. పుట్టింటికి పంపేస్తానని మొగుడు కూడా అనడం మొదలుపెట్టాడు. జబ్బేమిటో పరీక్షల్లో ముందురోజే తేలింది.

"కంగారు పడకమ్మా, నీది కండరాల నీరసం" అని హేమసుందర్ మొదలుపెట్టాడో లేదో, పక్కనే ఉన్న అచ్చమ్మ అందుకుంది.

"నీరసమా? నాకు మాత్రం లేదా బాబూ నీరసం? నేను చేసుకోవట్లా?"

వరాలు తల దించుకుంది. ఆ పిల్లకు మిగిలిన ఒక్క ఆశనూ తన చేత్తోనే తుంచేశానని హేమసుందర్‌కు అర్థమైంది.

సులోచన గారు అచ్చమ్మ భుజం మీద చెయ్యి వేశారు. "నీరసం కాదమ్మా. దీని పేరు మయస్థీనియా గ్రేవిస్. నరం చెప్పింది కండరానికి సరిగా అందదు. పని చేసే కొద్దీ చేతులు వాలిపోతాయి, పడుకుంటే తేరుకుంటాయి. ఆ జబ్బు తీరే అంత. మందులున్నాయి."

"అంత పేరున్న జబ్బా!" అంటూ అచ్చమ్మ కోడలి చేతిని ఒళ్లోకి తీసుకుంది. "మరి చెప్పవేంటే?" అంది. పాపం, ఏ మాటతో చెబుతుంది ఆ పిల్ల!

"అయ్యా, ఆ పేరు ఇంకోసారి చెప్పండి. మా ఆయనకి నేనే చెప్పాల" అంది వరాలు. హేమసుందర్ మంచం పక్కన కూర్చుని ఒక్కొక్క అక్షరం పలికిస్తుంటే, వాలిపోతున్న రెప్పలతోనే ఆ అమ్మాయి వల్లె వేసింది.

బయటికొచ్చాక వాడు ఏదో అనబోయాడు.

"నువ్వు పరీక్ష దాకా గుర్తుపెట్టుకుంటే చాలు నాయనా" అన్నారు సులోచన గారు, నడుస్తూనే. "ఆ పిల్ల ఆ పేరుతో కాపురం చేయాలి."