రాజుగారి కారులో మోత

గుమ్మడిదుర్గంలో రోడ్లు రెండే. అయినా రాజు అనంతభూపాలుడు కారు కొన్నాడు. కొన్నాక కొత్త కోరిక పుట్టింది. తాను వస్తున్న సంగతి జనానికి చెవులతో కాదు, గుండెలతో తెలియాలట.

"అదెంత పని ప్రభూ!" అన్నాడు ఆస్థాన నాదకోవిదుడు గరుడాచలం.

కారు డిక్కీ నిండా సబ్‌వూఫర్లు, అంటే గుండెలదిరేలా మోగే స్పీకర్లు, బిగించాడు. తాంబాళమంతది ఒకటి, కంచమంతది ఒకటి, గిన్నెమూతంతవి రెండు. అన్నింటినీ ఒకే యాంప్లిఫయర్‌కు తగిలించి చేతులు దులుపుకున్నాడు.

"చిన్నవి చురుగ్గా కొడతాయి, పెద్దవి గంభీరంగా కొడతాయి. అన్నీ కలిస్తే ప్రళయమే!"

ఊరేగింపు బయల్దేరింది. ప్రళయం రాలేదు. చిన్నవి గిలగిలా కొట్టుకుని గరగరలాడాయి. పెద్దవి వాటి వెనకాల తీరిగ్గా మూలిగాయి. రోడ్డుకు అడ్డంగా పడుకున్న గేదె కనీసం చెవి కూడా ఆడించలేదు. రాజుగారు ఆ గేదెను చాలాసేపు చూశారు.

కోటకు రాగానే, "ఏమయ్యా గరుడాచలం, ఏదీ ప్రళయం?" అన్నారు.

గరుడాచలం తడుముకోలేదు. "అంతా ఈ సోమన్న వల్లే ప్రభూ. ముందు సీట్లో కూర్చుని తమరి బిరుదులన్నీ అరుస్తుంటే ఆ గొంతు నా మోతను మింగేస్తోంది. ఇతణ్ని మానిపించండి, చాలు."

సోమన్న వందిమాగధుడు. తాతల నాటి నుంచీ ఆ ఇంట్లో అందరిదీ అదే కొలువు. బిరుదులు చదవడం తప్ప అతనికి మరో విద్య రాదు. పాపం, పై ప్రాణాలు పైనే పోయాయి.

"తప్పు నీది కాకపోతే రేపు సభలో నిరూపించు. లేదంటే ఎల్లుండి నుంచి రానక్కర్లేదు" అన్నారు రాజుగారు.

సోమన్న చేతులు కట్టుకున్నాడు.

"చిత్తం. ఒక్క మనవి ప్రభూ. రేపు నాదకోవిదులవారిని సభకు పల్లకీలో పిలిపించండి. బోయీలను నేను కుదురుస్తాను."

గరుడాచలం పుట్టి బుద్ధెరిగి పల్లకీ ఎక్కలేదు. ఎందుకని అడగడం కూడా మరిచి ఒప్పేసుకున్నాడు.

మర్నాడు కొత్త పట్టుపంచె కట్టుకుని పల్లకీలో కూర్చున్నాడు. ముందు కొమ్ము పట్టింది కోట వస్తాదు. అతని పక్కన ఆ వస్తాదు మోకాలెత్తు విదూషకుడు. వెనక సన్నటి పూజారి, అతనికి తోడు వంటశాల పెద్ద.

వస్తాదు ఒక్క అంగ వేసేలోగా విదూషకుడు మూడు గెంతులు గెంతాడు. వెనకవాళ్లు ఎవరి లెక్కన వాళ్లు నడిచారు. పల్లకీ ముందుకు తప్ప అన్నివైపులా కదిలింది. సభాద్వారం చేరేసరికి తలపాగా గరుడాచలం ఒళ్లో ఉంది.

"దించండిరా! ఒకడు తాటిచెట్టు, ఒకడు తాటిముంజె! వీడు లేపుతుంటే వాడు దించుతున్నాడు!"

"అదేమిటండీ?" అన్నాడు సోమన్న అమాయకంగా. "చిన్నవాడు చురుగ్గా మోస్తాడు, పెద్దవాడు గంభీరంగా మోస్తాడు. అందరూ కలిస్తే బలమే కదా?"

"బలమా, నా తలకాయా! ఒకడి బలం ఇంకొకడు తినేస్తున్నాడు! పల్లకీ మొయ్యడానికి ఒకే ఎత్తువాళ్లు, ఒకే అడుగు వేసేవాళ్లు ఉండాలని ఈ రాజ్యంలో పసిపిల్లాడికైనా తెలుసు!"

సోమన్న రాజుగారి వైపు తిరిగి వంగి దండం పెట్టాడు.

"తప్పు ఎక్కడుందో వారే సెలవిచ్చారు ప్రభూ. డిక్కీలో మోతను మోస్తున్నదీ ఇలాంటి బోయీలే."

ముందు రాజుగారు నవ్వారు. తర్వాత నవ్వొచ్చినవాళ్లూ రానివాళ్లూ అందరూ నవ్వారు.

రాజుగారు చేతి కడియం తీసి సోమన్నకు తొడిగారు. "నీ కొలువుకు ఢోకా లేదు. డిక్కీలో అన్నీ ఒకే సైజువి పెట్టించు" అని, పల్లకీలోంచి దిగబోతున్న గరుడాచలాన్ని ఆపారు.

"ఉండవయ్యా, అప్పుడే దిగకు. నిన్ను ఇంటిదాకా వీళ్లే దింపుతారు."