చెంపకు తెలియని గాలి

“సౌగంధీ! మళ్లీ ఆరిపోయిందమ్మా!”

పక్కగదిలో కంప్యూటర్ తెర ముందు కూర్చున్న తాయారు మేడం కేకకి, గొయ్యి అంచున నిలబడ్డ సౌగంధి ఉసూరుమంది.

ఆ ల్యాబులో బావిలాంటి లోతైన గొయ్యి ఉంది. పైనుంచి ఓ పెట్టెను జారవిడిస్తే, అది పడుతున్న కాసేపూ లోపల దేనికీ బరువుండదు. అలాంటప్పుడు కాగితం మీద మంట ఎలా పాకుతుందో చూడటమే సౌగంధి చదువు. ఆమె మంట మాత్రం పాకట్లేదు. నీలి ద్రాక్షపండులా గుండ్రంగా పుడుతుంది, అంతలోనే పోతుంది.

పెట్టెను తాడుతో పైకి లాగేది ప్రభుదాసు. ఆమెతోపాటే మేడం దగ్గర పరిశోధనకు చేరినవాడు. బెంగుళూరులో ఉద్యోగమొచ్చింది, ఆ సాయంత్రమే రైలు. అతనితో అనాల్సిన మాటొకటి ఏడాదిగా సౌగంధి గొంతులోనే ఉంది. అంటే ఉన్న స్నేహం కూడా పోతుందేమోనని భయం.

“మొహం అలా పెట్టకు తల్లీ, మళ్లీ లాగుతాగా,” అన్నాడతను తాడు చుడుతూ. “రైలు తప్పితే నీ పెట్టెలోనే పడుకుంటా.”

తాయారు మేడం వచ్చింది. పైకొచ్చిన పెట్టెను తెరిచి చూసింది. గాలి వచ్చే కన్నాలన్నిటికీ టేపు అంటించి ఉంది.

“ఎవరి పనిది?”

“నాదే మేడం. గాలి తగిలితే ఆరిపోతుందని. ఇంత భద్రంగా దాస్తున్నా ఎందుకు చచ్చిపోతోందో!”

మేడం గోటితో టేపులన్నీ ఊడదీసింది. లోపలి బుల్లి ఫ్యానును తిరిగీ తిరగనంత మెల్లగా పెట్టింది.

సౌగంధి దాని ముందు చెంప పెట్టి చూసింది. “గాలే రావట్లేదు మేడం.”

“నీకు తెలిసేంత అక్కర్లేదులే దానికి.”

ప్రభుదాసు పెట్టె వదిలాడు. తర్వాత ముగ్గురూ పెట్టెలోని కెమెరా తీసిన బొమ్మని తెర మీద నెమ్మదిగా నడిపించి చూశారు. నీలి మంట పుట్టింది. కాస్త తడబడింది. ఆపైన గాలి వస్తున్న వైపుకే తిరిగి, కాగితాన్ని తడుముకుంటూ పాకసాగింది.

“అదేంటి, ఎదురెళ్తోంది!” అంది సౌగంధి.

“ఊపిరి అటునుంచేగా వస్తోంది. నేల మీదైతే వేడిగాలి పైకి లేచి, కొత్తగాలి దానంతటదే వస్తుంది. బరువు లేనిచోట రాదు. మూసిపెడితే తన పొగలో తనే ఉక్కిరిబిక్కిరైపోతుంది పిచ్చిది.”

అనేసి, టీ తాగొస్తానంటూ వెళ్లిపోయింది మేడం. ఆవిడ టీ తాగగా సౌగంధి ఎన్నడూ చూడలేదు.

ప్రభుదాసు బ్యాగు భుజానేసుకున్నాడు. “సాధించావుగా. ఇక వెళ్లనా?”

మేడం ఊడదీసిన టేపు ముక్కల్ని సౌగంధి ఉండచుట్టి పడేసింది.

“నువ్వంటే నాకిష్టం ప్రభూ,” అంది. “వెళ్లు. కానీ తెలుసుకుని వెళ్లు.”