మృత్యుకంఠీరవుడి ఆత్మకథ

మిట్టమధ్యాహ్నం. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆకు కదలడం లేదు. కోనగిరి రాజావారి కొలువులో మాత్రం అందరికీ వణుకు పుడుతోంది.

కారణం మృత్యుకంఠీరవుడు. ఆ బిరుదు తనకు తానే ఇచ్చుకున్నాడు. అడిగినవాళ్ళ తరఫున కిరాయికి మనుషుల్ని చంపడం తన వృత్తి అనీ, అది మానేసి ఇప్పుడు ఆత్మకథ చెప్పుకుంటున్నాననీ పక్షం కిందట వచ్చి కొలువులో కూర్చున్నాడు. అతను చెబుతాడు, ఆస్థాన లేఖకుడు రాస్తాడు. రాస్తూ మధ్యమధ్య చెమట తుడుచుకుంటాడు.

రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే గురవమ్మకి ఆ కథలంటే ప్రాణం. ఒప్పుకోవాలి మరి. విషం పూసిన పూలదండ ఘట్టం వింటూ ఆకుకి రాసిన సున్నమే మళ్ళీ రాసి, దొరవారి నాలుక పొక్కించింది. ఇంటికెళ్ళి తలుపుకి రెండు గడియలు పెట్టి, పక్కలో రోకలి పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది.

"ఏమే, ఈ రోకలి నా కోసమా?" అన్నాడు ఇంటాయన.

ఆయనదీ కొలువులోనే ఉద్యోగం. రాజుగారి వెనక నిలబడి తెల్ల గొడుగు పట్టడం. కొలువులో నోరు విప్పడు. అక్కడో మనిషి ఉన్నాడన్న సంగతే దొరవారికి గుర్తుండదు. గొడుగు దానంతటదే నిలబడుతుందనుకుంటారు కాబోలు.

ఆ రోజు కథ వింటూ వింటూ రాజుగారు తొడ చరిచారు.

"కంఠీరవా! ఏటవతలి పాలెగాడు మన గొడ్లని తోలుకుపోతున్నాడు. ఈ సాయంత్రమే వాడి కోటలో దూరి వాడి పని పట్టు. గోడలెక్కడానికి మన భటుల్లో ఇద్దర్ని తీసుకెళ్ళు. ఓబన్న, తిప్పన్న!"

గురవమ్మ చేతిలో వక్క జారి పడింది. ఓబన్న పెద్దవాడు. తిప్పన్న చిన్నవాడు. ఇద్దరూ ఆమె కన్నబిడ్డలే.

కంఠీరవుడి మొహం ఒక్క క్షణం పాలిపోయింది. వెంటనే మీసం మెలేశాడు.

"చిత్తం ప్రభూ. వాళ్ళిద్దరూ ముందు దూకుతారు. నేను ఏటి ఇవతల నుంచి దారి చెబుతాను."

"భేష్!" అన్నారు రాజుగారు.

మొహం పాలిపోవడం ఇంకెవరూ చూడలేదు. గురవమ్మ చూసింది. ఇన్నాళ్ళూ రోకలి పక్కలో వేసుకుని పడుకున్నది ఈ మొహానికా! తనని తాను తిట్టుకోబోయింది. తిట్టుకునే వ్యవధి లేదు.

తాంబూలం పళ్ళెం పక్కన పెట్టి ముందుకొచ్చింది.

"ప్రభూ, ఈయనగారిని ఒక్క మాట అడగాలి."

"అడుగు."

"అయ్యా, మా ఇంటాయన సంగతి. పేరు నేను పలకకూడదు. బుంగమీసం. ఎడమ చెవి తమ్మె తెగి ఉంటుంది. మాట తక్కువ. పోయిన శ్రావణంలో సంతకి వెళ్ళాడు..."

అక్కడ కంట నీరు తిరిగింది. అది నటన కాదు. ఏటి అవతల కోటగోడ కళ్ళముందు కనిపించింది.

సభలో ఒకరిద్దరు గొడుగు వైపు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

కంఠీరవుడు కళ్ళు మూసుకుని నిట్టూర్చాడు.

"చెవి తెగినవాడా! ఎలా మరిచిపోతాను తల్లీ? సంత దారిలో, తుమ్మచెట్ల చాటున. నేనే."

"బాధపడ్డాడా అయ్యా?"

"కాళ్ళు పట్టుకున్నాడు. నా ఇల్లాలు దేవత, దాని చేతి వంట తినే భాగ్యం ఇక లేదే అని భోరుమన్నాడు."

గురవమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఇంతవరకూ కాస్తో కూస్తో నమ్మాను ప్రభూ. నా వంట దగ్గర దొరికిపోయాడు."

"అంటే?"

"నా మొహం ఒక్కసారి చూడమనండి."

నుదుట రూపాయి కాసంత బొట్టు. మెడలో నల్లపూసలు. కాళ్ళకి మట్టెలు. కొలువంతటికీ కనబడుతున్నాయి. ఆత్మకథ చెప్పుకునే హడావిడిలో ఉన్నవాడికి ఎదుటి మనిషి మొహంతో పనేముంది? ఇప్పుడు కళ్ళు తెరిచి చూశాడు. నోరు కూడా తెరుచుకుంది.

"నీ మొగుడు ఎక్కడున్నాడు?" అన్నారు రాజుగారు.

"తమరి వెనకే ప్రభూ."

రాజుగారు వెనక్కి తిరిగారు. గొడుగు కింద ఒక మనిషి! బుంగమీసం. తెగిన చెవి.

"చిత్తం," అన్నాడు ఆయన. ఆ ఏడాది కొలువులో అదే ఆయన మొదటి మాట.

రాజుగారు కనుబొమలు ముడిచారు. "గురవమ్మా! మొగుడు తిరిగి రాలేదని నా కొలువులోనే బొంకుతావా?"

"సంతకి వెళ్ళాడన్నాను ప్రభూ. పుచ్చు వంకాయలు పట్టుకుని తిరిగొచ్చాడు కూడా. రాకుండా చేసింది ఈయనగారే."

"ఇన్ని హత్యలు చెప్పాడు. ఒక్కరైనా కాదనలేదే!"

గురవమ్మ నెమ్మదిగా అంది:

"చచ్చినవాళ్ళు వచ్చి కాదనరు గదా ప్రభూ. అందుకే బతికున్నవాణ్ణి చంపించి చూశాను."

ముందు నవ్వింది లేఖకుడు. తర్వాత కొలువంతా. గొడుగు కూడా ఊగింది.

కంఠీరవుడు సాష్టాంగపడ్డాడు. "క్షమించండి దొరా! నేను నల్లుల మందు అమ్ముకునేవాణ్ణి. ప్రాణాలు తీసిన మాట మాత్రం నిజం. నల్లులవి."

రాజుగారు నవ్వలేక పొట్ట పట్టుకున్నారు. "అంతఃపురంలో పరుపులున్నాయి. రేపటి నుంచి నీ ప్రతాపం అక్కడ చూపించు!"

చేతి కంకణం తీసి గురవమ్మకి అందించారు. ఆమె చెయ్యి చాచలేదు.

"నా పిల్లల్ని ఏరు దాటించకండి ప్రభూ."

"దాటరు. ఇదీ తీసుకో. ఇకనైనా సున్నం చూసి వెయ్యి."

పొద్దు వాలింది. ఎండ చల్లబడి, ఏటి మీదుగా గాలి తిరిగింది. గురవమ్మ రోకలిని మూలన పెట్టేసి గుమ్మంలో నిలబడింది.

ఓబన్న వచ్చాడు. తిప్పన్న వచ్చాడు. వాళ్ళ వెనకే, "ఇవాళైనా ఉప్పు సరిగ్గా వేశావా?" అంటూ, చచ్చిపోయినాయన.

ముగ్గురూ వచ్చారు.