గవరమ్మ అంబలి పాక

అనగనగా ఒక కొండ అడవిలో, వాగు ఒడ్డున, ఒక అంబలి పాక ఉండేది. దాన్ని నడిపేది గవరమ్మ అనే ఎలుగుబంటి. చోడి అంబలి, అదే రాగి అంబలి, పులియబెట్టడంలో ఆవిడకి ఆవిడే సాటి. దాంట్లోకి కాల్చిన దుంపలు, చింతచిగురు పచ్చడి. ఇంకేం కావాలి చెప్పండి? పొద్దెక్కితే అడవంతా అక్కడే ఉండేది.

ఆ రుచి ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? గవరమ్మ రోజూ కుండ అడుగున ముంతెడు పాత అంబలి ఉంచేది. పాలకి తోడు వేసినట్టు, దాన్ని కొత్త అంబలిలో కలిపేది. అది వాళ్లమ్మ నాటి పులుపు. అమ్మ పోయాక ఆవిడకి మిగిలింది అదొక్కటే. అందుకే ఎవరికీ ఇచ్చేది కాదు.

రోజూ వచ్చేవాళ్లలో బండెయ్య అనే అడవిపంది ఒకడు. కడుపునిండా తాగడం, పాక గుంజకి వీపు గీరుకోవడం, ఇదీ వాడి పని.

"గీరకురా, పాక కూలుతుంది," అని గవరమ్మ కసిరేది.

"ఇంకొక్కసారి అత్తా," అనేవాడు వాడు.

ఒకరోజు కొండ అవతలి నుంచి సూరమ్మ అనే ముళ్లపంది వచ్చింది. అంబలి తాగి, "మా పిల్లకి జ్వరం తగ్గింది గానీ నోటికేదీ సయించడం లేదు. ఇదెలా చేస్తారు అత్తా?" అని అడిగింది.

"పిండీ నీళ్లూ, అంతే," అంది గవరమ్మ.

నాలుగు రోజులకి సూరమ్మ మళ్లీ వచ్చింది. "నాకు కుదరలేదు అత్తా. కాస్త పాత అంబలి ఇస్తారా?"

"ఇవ్వకత్తా. రేపు కొండవతల ఇంకో పాక లేస్తుంది," అని బండెయ్య చెవిలో ఊదాడు.

"అయిపోయిందమ్మా," అనేసింది గవరమ్మ. అన్నదే గానీ, ఆ అబద్ధం ఆవిడకే మింగుడుపడలేదు.

మూడోసారి సూరమ్మ పిల్లని వెంటబెట్టుకుని వచ్చింది. అంత కొండా ఎక్కి దిగిన బక్కపిల్ల, దొప్ప ఖాళీ అయినా నాకుతూనే ఉంది. గవరమ్మ ఆ దొప్పని మళ్లీ నింపింది. లోపలికెళ్లి ముంతలో కాస్త పాత అంబలి తెచ్చి సూరమ్మ చేతిలో పెట్టింది. "రోజూ కాస్త అడుగున ఉంచుకో తల్లీ," అంది.

వానలు పట్టుకున్నాయి. పాక గుంజ నానిపోయింది. బండెయ్య వచ్చాడు, వీపు ఆనించాడు. ఇంకేముంది, పాక మొత్తం కూలింది. కుండలన్నీ పగిలి, అంబలి వాగులో కలిసిపోయింది.

గవరమ్మ కొత్త కుండలో కొత్తగా కలిపింది. ఎన్నాళ్లు చూసినా ఆ రుచి రాలేదు. బండెయ్య మాత్రం మొహం చిట్లించకుండా మూడు దొప్పలు తాగి, "బాగానే ఉందత్తా," అన్నాడు.

"ఊరుకోరా. మా అమ్మ చేతి పులుపు పోయింది," అని గవరమ్మ కూలబడి ఏడ్చింది. వాడికీ ఏడుపొచ్చింది.

ఆ కబురు కొండ దాటింది. సూరమ్మ పరుగున వచ్చింది. చేతిలో ముంత, పక్కన బొద్దుగా తయారైన పిల్ల. గవరమ్మ ఒక్క గుక్క తాగింది. అదే పులుపు. అమ్మ పక్కన కూర్చున్నట్టే అనిపించింది ఆవిడకి.

"మరి నీకో?" అని అడిగింది కళ్లు తుడుచుకుంటూ.

"మా ఇంట్లో కుండెడు ఉంది అత్తా. అది మీరిచ్చిందే కదా," అంది సూరమ్మ.

బండెయ్యే గుంజలు పాతి పాక లేపాడు. కొత్త అంబలి పులిసిన రోజున గవరమ్మ వాడికీ ఒక ముంత ఇచ్చింది. "ఇది మీ ఇంట్లో ఉంచుకో. వీపు మాత్రం వాగు ఒడ్డునున్న ఆ బండకి గీరుకో," అంది.

నీతి: ఒక్కరే దాచుకుంటే ఒక్క కుండతో పోతుంది పిల్లలూ. పంచి ఇచ్చింది ఎవరో ఒకరింట్లో బతికే ఉంటుంది.