నూట నలభై తప్పులు

జ్యోత్స్న ఏటికొప్పాక చేరేసరికి సత్తిరాజు మేష్టారు లేత్ ముందు కూర్చుని అంకుడు కర్రకి ఎర్రలక్క పట్టిస్తున్నారు. చదువుకునే రోజుల్లో రెండు వేసవులు ఆయన దగ్గరే బొమ్మలు చెయ్యడం నేర్చుకుంది ఆమె. తర్వాత విశాఖపట్నంలో వీడియో గేములు చేసుకుంటూ బతుకుతున్నా, మనసు బాగోలేనప్పుడల్లా ఆయన పాకకే వచ్చేది.

"నా ఆటని తీసేస్తున్నాను మేష్టారూ," అంది గుమ్మంలోంచే. "రేపటి నుంచి అది ఇంకెక్కడా దొరకదు."

ఆయన లేత్ ఆపారు. "కూర్చో. ఏమైంది?"

ఆ ఆట పేరు 'రేవు'. వరదలొచ్చే ఏటి మీద పడవ నడుపుతూ మనుషుల్ని ఒడ్డు దాటించే ఒక పిల్ల కథ. ఐదేళ్ళు ఒక్కతే కూర్చుని చేసింది. బొమ్మలు తనే గీసింది, ప్రోగ్రామ్ తనే రాసింది, సంగీతం కూడా తనే కట్టింది. విడుదలయ్యాక లక్షల మంది ఆడారు. ఒక్క మనిషి ఇంత పని ఎలా చేసిందని పత్రికలు రాశాయి. ఏడాదిలో రెండో భాగం ఇస్తానని ఆ సంతోషంలో మాటిచ్చేసింది.

ఆ తర్వాత మూడేళ్ళకి, 'నీటికాకి' అనే మారుపేరుతో ఒకరు, ఆటలో నూట నలభై తప్పులున్నాయంటూ నంబర్లు వేసి మరీ అందరూ చూసేచోట పెట్టారు. జ్యోత్స్న పది చదివేసరికే ఒళ్ళు మండిపోయింది. "ఆడటం చేతకానివాళ్ళు నాకు నేర్పక్కర్లేదు" అని జవాబు రాసి, ఆ మనిషి మళ్ళీ అక్కడ నోరెత్తకుండా తలుపు మూసేసింది.

దాంతో మిగతావాళ్ళు లేచారు. రెండో భాగం ఏదని నిలదీశారు. ఆమె వాళ్ళ మీదా విరుచుకుపడింది. అది వార్తయింది. ఆట మొహం ఎన్నడూ చూడనివాళ్ళు కూడా వచ్చి, ఆడపిల్లని అనకూడని మాటలన్నారు.

"ఐదేళ్ళు ధారపోశాను మేష్టారూ దానికి. ఒక్కళ్ళకైనా విశ్వాసం లేదు."

సత్తిరాజు చేతికంటిన లక్క గీరుకుంటూ అడిగారు. "ఆ నూట నలభైలో నిజమైనవెన్ని?"

జ్యోత్స్న తల దించుకుంది. "మొత్తం చదవలేదు."

ఆయన తల ఊపి, మళ్ళీ లక్క కర్ర చేతిలోకి తీసుకున్నారు.

అప్పుడే చెమటలు కక్కుతూ ఒకావిడ లోపలికి వచ్చింది. సంచీలోంచి పసుపుపచ్చ బొంగరం తీసి ఆయన ముందు ఠక్కున పెట్టింది.

"ఏటండీ ఇది? మీ చేతిదని చెప్పి మా మనవరాలికి కొన్నాను. మూడు చుట్లు తిరిగి పడిపోతాది. మా చుట్టుపక్కలోళ్ళందరికీ మీ పేరే చెప్పాను. నా పరువు తీసేసారు."

జ్యోత్స్నకి కోపం వచ్చింది. మేష్టారు మాత్రం లేచి, తను కూర్చున్న పీట ఆవిడ వైపు జరిపారు. కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చారు. ఆవిడ తాగుతుంటే బొంగరాన్ని వెలుతురుకి పెట్టి ఒక కన్ను మూసి చూశారు.

"మొన ఓ పక్కకి వాలిందమ్మా. నా తప్పే."

లేత్‌కి బిగించి, ఉలి రెండుసార్లు తాకించారు. కాస్త లక్క పట్టించి, మొగలాకుతో మెరుగు పెట్టి, నేల మీద తిప్పారు. బొంగరం తిరిగింది. ఎంతసేపు తిరిగిందంటే, ఆవిడ తిట్టడం మర్చిపోయి గ్లాసు చేత్తో పట్టుకునే చూస్తూ ఉండిపోయింది.

"ఏ ఊరమ్మా మీది?"

"చింతపల్లి అవతల. నర్సీపట్నంలో బస్సు మారి వచ్చాను."

సత్తిరాజు బొంగరాన్ని తువ్వాలుతో తుడిచి ఆవిడ చేతిలో పెట్టారు. రెండు చేతులూ జోడించారు. "ఇంత దూరం తెచ్చి చూపించారు. చాలా సంతోషం."

ఆవిడ ఇబ్బందిపడింది. "అయ్యో, అదేటండీ," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

ఆవిడ మలుపు తిరిగేదాకా ఆగి జ్యోత్స్న అడిగింది. "అన్నేసి మాటలంటే మీరు దణ్ణం పెట్టారేం మేష్టారూ?"

ఆయన మళ్ళీ లేత్ ముందు కూర్చున్నారు.

"అక్కర్లేనివాళ్ళు దాన్ని మూల పడేస్తారమ్మా. బస్సులు మారి రారు."

కర్ర తిరగడం మొదలైంది. జ్యోత్స్న బయటికొచ్చి అరుగు మీద కూర్చుని ఫోన్‌లో, ఆట గురించి అందరూ రాసే పేజీ తెరిచింది. ఎవరు ఎన్ని గంటలు ఆడారో ప్రతి పేరు పక్కనా ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆమె దాని వైపు చూడనేలేదు. బూతులు రాసినవాళ్ళలో చాలామంది పేర్ల పక్కన సున్నా ఉంది. వాళ్ళని దాటుకుంటూ కిందికి వెళ్ళింది.

నీటికాకి పేరు పక్కన పదకొండు వందల ఆరు గంటలు అని ఉంది.

ఆమె ఆ జాబితాని మొదటిసారి చివరిదాకా చదివింది. ముప్ఫై రెండో తప్పు: ఏడో రేవు దగ్గర పడవ రాళ్ళలోంచి దూరిపోతోంది. నిజమే. ఎనభై ఏడోది: జోరువానలో కూడా పడవలో దీపం ఆరడం లేదు, ఆరితే ఆ పిల్లకి భయమేస్తుంది, అప్పుడు ఒడ్డు కనబడితే మాకూ ప్రాణం లేచి వస్తుంది. ఇది తనకి తట్టనే లేదు. నూట నలభయ్యోది ఒక అక్షరదోషం. దాని కింద ఇలా ఉంది: "మా నాన్న ఆసుపత్రిలో ఉన్న మూడు నెలలూ ఈ ఏట్లోనే ఉన్నాను. అందుకే ప్రతి రాయీ తెలుసు. వీలైతే బాగుచేయండి. ఇంత మంచిది పాడవకూడదు."

లోపల ఉలి చప్పుడు వినిపిస్తూనే ఉంది.

జ్యోత్స్న ఆట తీసేసే పని మానుకుంది. మూసిన తలుపు అక్కడే, అరుగు మీదే తెరిచింది. అందరూ చూసేచోట, తను అన్న మాట తప్పని రాసింది. రెండో భాగం ఎప్పటికవుతుందో తనకే తెలియదని కూడా నిజం చెప్పేసింది. ముందు ఈ నూట నలభై సరిచేస్తానంది.

నాలుగో రోజున నీటికాకి నుంచి జవాబు వచ్చింది.

"ఇంకో పంతొమ్మిది దొరికాయి. మీరు ఏమీ అనుకోనంటే పంపుతాను."

కళ్ళు తుడుచుకుని జ్యోత్స్న రాసింది: "పంపండి."