మాస్టారి చలువ కళ్ళద్దాలు

నూకరత్నం బాగుచేసిన వైర్‌లెస్ సెట్టు దుకాణంలో గలగలా మాట్లాడుతుంది. సముద్రం మీదికి వెళ్ళేసరికి మూగబోతుంది. మళ్ళీ అదే జరిగింది. పైగా ఈసారి అది సొంత అన్నయ్య సింహాద్రి నడిపే బోటులోది. సెట్టు పలక్కపోతే రేపు బోటు వేటకు కదలదని, ఇక ఆ పిల్ల చేతికి సెట్లు ఇచ్చేది లేదని ఓనరు రేవంతా వినేలా చెప్పేశాడు.

కాకినాడ రేవులో మొహిద్దీన్ మాస్టారి దగ్గర ఆమె ఈ పని నేర్చుకుంటోంది. టంకం పెట్టడంలో అందెవేసిన చెయ్యి. ఒక్కో చుక్కా ముత్యంలా మెరుస్తుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, కాస్త ఎక్కువగానే తెలుసు. అందుకే తప్పంతా ఉప్పుగాలిదేనని మాస్టారితో వాదనకు దిగింది.

మాస్టారు సెట్టు లోపలి బోర్డును వెలుతురులో తిప్పి చూశారు. టంకం అతకడానికి రాసిన పేస్టు మిగిలిపోలేదు కదా, మిగిలితే సముద్రం మీద చెమ్మ పట్టి సెట్టును మూగబోయేలా చేస్తుంది అని అడిగారు.

“లేదండి. స్పిరిట్టుతో తుడిసేశాను గదండి.”

ఏ గుడ్డతో అంటే బల్లకు వేలాడేది చూపించింది. వచ్చిన ప్రతి బోర్డునూ దాంతోనే తుడుస్తుంది.

మాస్టారికి ఈ వయసులోనూ చలువ కళ్ళద్దాల మీద మోజు పోలేదు. జేబులోంచి అవి తీసి, ఆ గుడ్డనే స్పిరిట్టులో ముంచి, అద్దాలు రెండూ శ్రద్ధగా తుడిచి, ఆరాక ఆమెకు ఇచ్చారు. అవి పెట్టుకుని రేవులో అన్నయ్య బోటు ఎక్కడుందో చూడమన్నారు.

“ఏం కనపడట్లేదండి. అంతా మసగ్గా ఉంది.”

“తుడిచాను కదమ్మా.”

నూకరత్నం అద్దం మీద వేలు పెట్టింది. జిగురు తగిలింది. ఆమె ముఖం వెలవెలబోయింది.

వెళ్ళి బోర్డు ముందు కూర్చుంది. స్పిరిట్టు పోసి బ్రష్షుతో రుద్దింది. కరిగిన పేస్టు ఆరేలోపే కొత్త గుడ్డ అద్ది ఎత్తేసింది. గుడ్డ పచ్చబడితే పారేసి ఇంకోటి అందుకుంది. గుడ్డ తెల్లగా వెళ్ళి తెల్లగా తిరిగొచ్చేదాకా ఆగలేదు. ఉతికి పెట్టిన మాస్టారి తెల్ల లుంగీ ఒకటి ముక్కలైపోయింది. ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

మర్నాడు బోటు వెళ్ళింది. మధ్యాహ్నానికి తడిగాలి లేచింది. దుకాణంలోని సెట్టు చుట్టూ జనం మూగారు. ఓనరు అందరికంటే ముందు నిలబడ్డాడు. సెట్టు గరగరమంది, ఆగింది. నూకరత్నం సెట్టుకు చెవి ఆనించింది.

“రత్నం, ఇనపడతందా? వల నిండిపోయిందే!”

పక్కగదిలోంచి పిలిచినంత స్పష్టంగా ఉంది సింహాద్రి గొంతు. దుకాణం ఈలలతో హోరెత్తిపోయింది. తన బోట్లన్నిటి సెట్లూ రత్నమే చూడాలని ఓనరు అక్కడికక్కడే అనేశాడు. ఆమెకు సంతోషంతో కళ్ళు చెమర్చాయి.

సందడి తగ్గాక, సాయంత్రం బోట్లు తిరిగొచ్చే వేళకు, లుంగీలో మిగిలిన ముక్క వెతికి, చలువ కళ్ళద్దాలు కడిగి, అద్ది, మాస్టారి చేతికిచ్చింది. ఆయన పెట్టుకుని సముద్రం వైపు తిరిగారు.

“అదిగోనమ్మా, మీ అన్నయ్య బోటు,” అన్నారు.